నల్లగొండల హెపటైటిస్ బి సర్వే: పని డైరీ, చెడినవి, మార్చినవి

మిర్యాలగూడలనో సూర్యాపేటలనో వనపర్తిలనో ఎవరన్న ఇదే పని పెట్టుకుంటే మాకు పట్టినంత టైం వాళ్ళకు పట్టొద్దని రాస్తున్న. పని ఏందంటే, నల్లగొండ మున్సిపాలిటీల పద్దెనిమిదేండ్లు దాటినోళ్ళ దగ్గర రక్తం తీసి మూడు సంగతులు చూసుడు: తెల్వకుండ ఒంట్లె హెపటైటిస్ బి వైరస్ పెట్టుకొని తిరుగుతున్నోళ్ళు ఎందరు, ఎన్నడో వచ్చి దానంతట అదే పోయినోళ్ళు ఎందరు, టీకాతోని రక్షణ ఉన్నోళ్ళు ఎందరు. దాంతోపాటు అదే ట్యూబుల నుంచి హెపటైటిస్ సి యాంటీబాడీ కూడ చూసినం.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. టీంల కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్లు ఇద్దరు, రక్తం తీసేటోళ్ళు నలుగురు, డిగ్రీ పిల్లలు, ఏ బస్తీకి పోతే ఆ బస్తీ ఆశ అక్క.

దశ 0: సూది ముట్టుకోకముందు

ఈ వరుస మారొద్దు:

1. పాజిటివ్ వచ్చినోళ్ళను యాడికి పంపాలె, ఆడ ఏ రోజు ఎవరు చూస్తరు, ఇది ముందు తేల్చుకోవాలె.
2. ఎథిక్స్ కమిటీ పర్మిషన్.
3. ఒప్పుకోలు కాగితం, చదువురానోళ్ళకు చదివి వినిపించే మనిషి, సాక్షి సంతకం.
4. ఆ తర్వాతనే ట్యూబులు, కిట్లు కొనుడు.

ఒకటో నంబరు ఎందుకంత గట్టిగ చెప్తున్ననంటే, కేంద్రం 2018 జులై 28 నాడు వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రాం మొదలువెట్టింది, దానికింద పరీక్షలు మందులు ఫ్రీ. హెపటైటిస్ సి అయితే ఎక్కువమందికి 12 వారాల గోళీలతోని పూర్తిగ నయమైతది. బి అయితే పూర్తిగ పోగొట్టే మందు లేదు గానీ అవసరమున్నోళ్ళకు టెనోఫోవిర్ లాంటి గోళీ రోజూ ఏసుకుంటే లివర్ చెడిపోకుంట ఆపొచ్చు. అంటే దొరికినోళ్ళకు చెప్పడానికి మన దగ్గర మాట ఉన్నది, దారి ఉన్నది. ఆ దారి చూపెట్టకుంట ఉత్తగ "నీకు వైరస్ ఉన్నది" అని చెప్పొస్తే ఆ మనిషికి నిద్ర పాడైతది తప్ప ఏం రాదు.

పర్మిషన్ కాగితం ఒక ఆఫీసుల టేబుల్ మీద చానా దినాలు ఆగింది. సంక్రాంతి దాటంగనే మొదలువెట్టాల్సిన పని ఉగాది దాటినంక మొదలైంది. దాని దెబ్బ దశ 3ల తగిలింది, నల్లగొండ ఎండ తెల్సినోళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. చేసేటోళ్ళు నవంబర్ల మొదలువెట్టుండ్రి.

దశ 1: ఎందరు, యాడ

ఎంతమంది కావాలన్న లెక్క:

1. రక్షణ ఉన్నోళ్ళు సగం మంది అనుకుందాం (ఏం తెల్వనప్పుడు 50 శాతం పెట్టుకుంటే నమూనా ఎక్కువ వస్తది, సేఫ్). అటుఇటు 5 శాతం తేడా ఒప్పుకుంటే 384 మంది.
2. ఒక్కొక్క బస్తీల మనుషులు ఒక్క తీరుగ ఉంటరు కాబట్టి 1.5 తోని గుణిస్తే 576.
3. వందల 15 మంది ఇయ్యరనుకుంటే, 576ని 0.85 తోని భాగిస్తే 678. రౌండ్ చేసి 680.

680 ని ఎట్ల పంచాలె అన్నకాడ మొదటి వాదన. 2020 మే నెలల ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళు కరోనా యాంటీబాడీ సర్వే చేసినప్పుడు తెలంగాణల జనగామ, కామారెడ్డి, నల్లగొండ మూడు జిల్లాలు ఉండె, ఒక్కో జిల్లాల 10 క్లస్టర్లు (ఒక్కకాడ ఉన్న ఇండ్ల గుంపులు), క్లస్టరుకు 40 మంది. ఆ సర్వే విలువ ఏందో ఈ పని చేసేటోళ్ళు యాది పెట్టుకోవాలె. దేశం మొత్తంల మొదటి రౌండ్ల 0.73 శాతం వచ్చింది, చూస్తే చిన్న సంఖ్య, కానీ అప్పటికి బయటపడ్డ ఒక్కొక్క కేసుకు ఎనభైకి పైన ఇన్ఫెక్షన్లు దాగి ఉన్నయని దాంతోనే తేలింది. 2021 జూన్, జులై నాటి నాలుగో రౌండుకు అది 67.6 శాతం అయింది. దవాఖానకొచ్చినోళ్ళను లెక్కవెడితే ఇవేవీ కనవడకపోయేటివి.

మేము కూడ 17 క్లస్టర్లు, ఒక్కోదాంట్ల 40 అనుకున్నం, తిరుగుడు తక్కువ అయితదని. కానీ హెపటైటిస్ బి కరోనా లెక్క కాదు. తల్లి నుంచి బిడ్డకు, మొగుడు పెండ్లాల మధ్య, ఒక్క బ్లేడు ఒక్క సూది పంచుకుంటే వస్తది. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. అంటే ఇండ్లల్ల గుంపులు గుంపులుగ ఉంటది. అందుకని 34 క్లస్టర్లు, ఒక్కోదాంట్ల 20 ఇండ్లు, ఇంటికి ఒక్కరే అని మార్చినం. తిరుగుడు డబుల్ అయింది, లెక్క గట్టిపడ్డది.

48 వార్డుల జనాభా వరుసగ కూడుకుంటపోయి, మొత్తాన్ని 34 తోని భాగిస్తే వచ్చిన సంఖ్యనే మన అంగ. మొదటి అంగ యాడ పడాలన్నది చీటీ తీసి పెట్టుకున్నం, ఆడినుంచి అంగకొక క్లస్టర్. పెద్ద వార్డుల రెండు పడొచ్చు, చిన్న వార్డు తప్పిపోవచ్చు, అది తప్పు కాదు. "మా వార్డు ఎందుకు లేదు" అని అడిగేటోళ్ళు వస్తరు, ఈ లెక్క కాగితం మీద రాసి జేబుల పెట్టుకోండ్రి.

దశ 2: తలుపులు

ఈ దశ గురించే ఎక్కువ రాస్తున్న, ఎందుకంటే సర్వే చెడేది ల్యాబుల కంటె ముందు గడపకాడనే.

మొదటి నాలుగు క్లస్టర్లు పొద్దుగాల తొమ్మిదింటి నుంచి ఒంటిగంట వరకు చేసినం. రూలేందంటే ఎంచుకున్న ఇల్లు తాళం ఉంటే పక్కింట్ల తీసుకోవాలె, ఇంట్ల ఎవరుంటే వాళ్ళే. సూస్తే బ్రహ్మాండంగ నడిచింది.

లెక్క, 4 క్లస్టర్లకు:
కావాల్సిన ట్యూబులు 80
వచ్చినవి 80
ఆడోళ్ళు 61, మగోళ్ళు 19
ఆ 19 మందిల అరవై దాటినోళ్ళు 12

టార్గెట్ వందకు వంద, కానీ ఊరు అందుట్ల లేదు. పని చేసే వయసు మగోళ్ళు ఏడుగురు. మిగిలినోళ్ళు యాడున్నరు? యాసంగి వడ్లు కోతకొచ్చిన టైం అది, పానగల్లు దిక్కు సగం ఇండ్లల్ల మగోళ్ళు ఐకేపీ సెంటర్ల కాంటా కోసం కుప్పల కాడ పండుకుంటున్నరు. దేవరకొండ రోడ్డు దిక్కు ఆటోలు, లారీలు, తాపీ పని, మిల్లు హమాలీలు. వీళ్ళే పొద్దున లేచి పోతరు, వీళ్ళే సెలూన్లల్ల ఎక్కువ గడ్డం గీయించుకుంటరు, దెబ్బ తాకితే సందుల ఉన్న ఆర్ఎంపీ కాడ సూది ఏయించుకుంటరు. దాగి ఉన్న ఇన్ఫెక్షన్ ఎవరిల ఎక్కువ ఉండొచ్చునో వాళ్ళనే వదిలిపెట్టి, ఇంట్ల కూసున్నోళ్ళను లెక్కవెట్టి "నల్లగొండ ఇంత" అంటే అది అబద్ధమే.

ఆ 80 మందికి పరీక్షలన్నీ చేసి రిజల్ట్ ఇచ్చినం, రక్తం ఇచ్చినోళ్ళకు అది మన బాకీ. కానీ సర్వే లెక్కల నుంచి ఆ 80 మందిని తీసేసి ఆ నాలుగు క్లస్టర్లకు కొత్త ఇండ్లు ఎంచి మళ్ళ మొదలువెట్టినం. మార్చిన రూల్స్:

1. పక్కింటోళ్ళను తీసుకునుడు బంద్. ఎంచుకున్న ఇల్లే.
2. తాళం ఉంటే మూడుసార్లు పోవాలె: ఒకసారి పొద్దున ఆరున్నరకు, ఒకసారి రాత్రి ఏడు తర్వాత, ఒకసారి ఆదివారం.
3. ఇంట్ల ఎవరు ఇయ్యాలన్నది మనం చెప్పొద్దు, వాళ్ళూ చెప్పొద్దు, చీటీ చెప్పాలె.

మూడోదానికి ముందు "ఎవరి పుట్టినరోజు మొన్నమొన్న అయ్యిందో వాళ్ళు" అనే పద్ధతి ట్రై చేసినం, పుస్తకాలల్ల ఉంటది అది. మన దిక్కు నడవదు. పెద్దోళ్ళ ఆధార్ కార్డులు చూస్తే చానామందికి జనవరి 1 ఉంటది, అంటే జనవరి నెలల సర్వే చేస్తే ముసలోళ్ళే పడుతరు, డిసెంబర్ల చేస్తే ఒక్కరూ పడరు. చీటీలే మేలు. ఇంట్ల పద్దెనిమిది దాటినోళ్ళ పేర్లన్నీ రాసి, ఇంట్ల లేనోళ్ళవి కూడ రాసి, మడిచి స్టీల్ గిన్నెల ఏసి చిన్న పిల్లతోని తీపిచ్చుడు. రామగిరిల ఒకింట్ల లారీ డ్రైవర్ పేరొచ్చింది, ఆయన మూడు దినాలకు గాని రాడు. వాళ్ళవ్వ "నా రక్తం తీస్కో బిడ్డా, వానికి తీరిక యాడిది" అని చెయ్యి చాపింది. ఆమెకు నచ్చజెప్పి వచ్చేసినం. ఆయన లారీ దిగిన రాత్రి తొమ్మిదింటికి ఆశ అక్క ఫోన్ చేసింది, పోయి తీసుకొచ్చినం. ఆ ఒక్క ట్యూబు తెల్లారి తీసిన పది ట్యూబులకంటె విలువైందని ఇప్పటికీ అంటున్న.

వద్దన్నోళ్ళ గురించి. నల్లగొండల నీళ్ళు, మూత్రం, నోటి పండ్లు, బొక్కలు ఇవన్నీ ఫ్లోరైడ్ పరీక్షలకోసం ఎన్నో ఏండ్లసంది పట్టుకపోతనే ఉన్నరు. పానగల్లుల ఒక అవ్వ చెప్పింది, "మా ఆయన మోకాళ్ళ ఫొటోలు తీస్కపోయిండ్రు, నీళ్ళు సీసాలల్ల తీస్కపోయిండ్రు, ఒక్కడు మళ్ళొచ్చి ఏముందో చెప్పలే, మీరు చెప్తరా?" ఈ ప్రశ్నకు జవాబు లేకుంట ఎవ్వరూ తలుపు తట్టొద్దు. ఆ తర్వాత నుంచి మేము గడపల అడుగువెట్టంగనే మొదటి మాట రక్తం గురించి కాదు, "రిజల్ట్ ఫలానా నాడు బస్తీ దవాఖానల మీ చేతికే ఇస్తం" అని తేదీ రాసిన కాగితం ఇచ్చుడు. దాంతోని వద్దనేటోళ్ళు తగ్గిండ్రు.

ప్రశ్నల కాగితం కూడ మార్చినం. "ఎన్నడన్న ఆర్ఎంపీ కాడ సూది ఏయించుకున్నరా" అంటే అందరూ అవుననే అంటున్నరు, అందరూ ఒక్కటే జవాబు చెప్పే ప్రశ్న దేనికీ పనికిరాదు. "పోయిన ఏడాదిల ఎన్నిసార్లు" అని అడిగితే తేడా కనవడ్డది. "పసిరికలు అయినయా" అన్న ప్రశ్న ఉంచినం గానీ దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు, హెపటైటిస్ బి చానామందికి కండ్లు పచ్చబడకుంటనే వచ్చి కూసుంటది, పసిరికలు ఎక్కువగ నీళ్ళతోని వచ్చే ఎ, ఇ రకాలతోని కూడ అయితయి.

లెక్క, 12 క్లస్టర్లకు (కొత్త రూల్స్ మీద):
ఎంచుకున్న ఇండ్లు 240
రక్తం ఇచ్చినోళ్ళు 171 (మగోళ్ళు 70)
వద్దన్నోళ్ళు 31
మూడుసార్లు పోయినా దొరకనోళ్ళు 38

ట్యూబులు తగ్గినయి, లెక్క బాగుపడ్డది.

దశ 3: ఎండ, ట్యూబులు

మొదట గడపకాడనే ర్యాపిడ్ కార్డుతోని హెచ్‌బీఎస్‌ఏజీ (ఒంట్లె వైరస్ ఉంటే రక్తంల కనవడే దాని పైపొర ముక్క) చూసి అక్కడికక్కడ చెప్దామనుకున్నం. రెండు కారణాలతోని ఇది ఆపేసినం.

ఒకటి వేడి. కార్డు డబ్బా మీద 2 నుంచి 30 డిగ్రీలల్ల పెట్టాలని రాసి ఉంటది. ఆటోల బ్యాగుల పెట్టిన థర్మామీటర్ మధ్యాహ్నం 43 చూపెట్టింది. రెండు, లెక్క. వెయ్యి మందిల నిజంగ వైరస్ ఉన్నోళ్ళు పది మంది అనుకుందాం, టెస్టు వాళ్ళల్ల తొమ్మిదో పదో పట్టుకుంటది. మిగిలిన 990 మందిల వందకు ఒక్కటి తప్పు చూపెట్టినా ఇంకో పది మందికి గీత పడుతది. అంటే గీత పడ్డ ఇరవై మందిల సగం మందికి ఏం లేదు. గడపల, పక్కింటోళ్ళు తొంగిచూస్తుండంగ, సగానికి సగం తప్పుండే మాట చెప్పుడు అన్యాయం. అందుకని గడపల రక్తం తీసుడే, చెప్పుడు లేదు. అనుమానం ఉన్న ప్రతి శాంపిల్‌కు ల్యాబుల వేరే కంపెనీ కిట్టుతోని రెండోసారి.

ఇగ ట్యూబులు. మొదటి 80ల 11 ట్యూబుల సీరం (రక్తం గడ్డకట్టినంక పైన తేలే నీళ్ళు) గులాబి రంగుల, ఎర్రగ వచ్చింది, హెమోలైజ్ అయినయి, అంటే ఎర్రకణాలు పగిలినయి. చూసుకుంటపోతే కారణాలు మూడు దొరికినయి: ఫ్రిజ్‌ల నుంచి తీసిన ఐస్‌ప్యాక్ గడ్డకట్టిన మంచుతోనే వ్యాక్సిన్ క్యారియర్ల పెట్టుడు, ట్యూబు గోడ దానికి ఆనుడు. రక్తం ఇంకా గడ్డకట్టకముందే ఆటో గుంతలల్ల కుదుపుడు. చెయ్యికి కట్టిన రబ్బర్ కట్టు చానాసేపు ఉంచుడు.

మార్చిన పద్ధతి:

1. రబ్బర్ కట్టు ఒక్క నిమిషం దాటొద్దు. స్పిరిట్ ఆరినంకనే సూది.
2. పసుపు మూత జెల్ ట్యూబు, 5 ఎంఎల్, ఐదారుసార్లు మెల్లగ తలకిందులు చెయ్యాలె, ఊపొద్దు.
3. నీడల, స్టాండుల నిలువుగ అర్ధగంట. ఆ అర్ధగంటల ప్రశ్నల కాగితం నింపుకోవాలె.
4. గడ్డకట్టిన ఐస్‌ప్యాక్ కాదు, ఫ్రిజ్ కింది అరల చల్లవడ్డ నీళ్ళ ప్యాకులు. ట్యూబులకు ప్యాకులకు నడుమ అట్టముక్క.
5. క్యారియర్ల థర్మామీటర్, గంటకోసారి రాసుడు. ఈ పద్ధతిల మాకు 16 నుంచి 22 మధ్యల నిలిచింది.
6. తీసిన నాలుగు గంటలల్ల సెంట్రిఫ్యూజ్ (ట్యూబులు గిరగిర తిప్పి సీరం వేరుచేసే మిషన్) కాడికి చేరాలె. సీరం వేరైనంకనే 2 నుంచి 8 డిగ్రీలు.

సూదులు హబ్ కట్టర్ల కోసి తెల్ల డబ్బాల, ట్యూబులు గ్లోవ్స్ ఎర్ర కవర్ల, రక్తమంటిన దూది పసుపు కవర్ల. ఇంటోళ్ళ చెత్తబుట్టల ఒక్క దూది ముక్క కూడ ఏసి రావొద్దు. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకల కూడ కనీసం వారం బతుకుతది.

దశ 4: ల్యాబు

సెంట్రిఫ్యూజ్ మీద ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఉంటది, ట్యూబుల కాగితం మీద జీ (ట్యూబు మీద పడే బలం) ఉంటది. ఈ రెండు ఒక్కటి కావు. మా మిషన్ రోటర్ వ్యాసార్ధం స్కేలు పెట్టి కొలిస్తే 9 సెంటీమీటర్లు. లెక్క ఇది: జీ = 0.00001118 × వ్యాసార్ధం × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం. అందరూ అలవాటుగ పెట్టే 3000 మీద మాకు వచ్చేది 906 మాత్రమే, ట్యూబుకు కావాల్సింది 1300. అందుకే జెల్ సగం లేచి ఆగుతున్నది, సీరంల ఎర్రకణాలు మిగులుతున్నయి. 3600 కు పెంచినం, 1304 వచ్చింది, పది నిమిషాలు, జెల్ సక్కగ నిలవడ్డది. మీ రోటర్ మీరు కొలుచుకోండ్రి, మా 3600 కాపీ కొట్టకుండ్రి.

ఎలైసా (గుంటల ప్లేటుల సీరం ఏసి రంగు చూసి చెప్పే పరీక్ష) మూడు రకాలు పెట్టినం: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ (వైరస్ సోకితేనే వచ్చే యాంటీబాడీ), యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఇచ్చే యాంటీబాడీ). ఎట్ల చదవాలంటే:

హెచ్‌బీఎస్‌ఏజీ ఉంటే ఇప్పుడు వైరస్ ఉన్నట్టు. ఆరు నెలలు దాటినా ఉంటే పాతుకపోయినట్టు.
అది లేదు, యాంటీ హెచ్‌బీసీ, యాంటీ హెచ్‌బీఎస్ రెండూ ఉన్నయి: ఎన్నడో వచ్చి పోయింది.
యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే ఉన్నది, ఎంఎల్‌కు 10 మిల్లీ యూనిట్లు దాటింది: టీకా రక్షణ. టీకాతోని హెచ్‌బీసీ యాంటీబాడీ రాదు, తేడా పట్టేది దాంతోనే.
మూడూ లేవు: రక్షణ కనవడలే, టీకా కావాలె. (చిన్నప్పుడు టీకా ఏసుకున్నోళ్ళల్ల యాంటీబాడీ తగ్గినా లోపట జ్ఞాపకం ఉండొచ్చు, అందుకని టీకా కార్డు అడగాలె.)
యాంటీ హెచ్‌బీసీ ఒక్కటే ఉన్నది: ఇది తలనొప్పి. పాత ఇన్ఫెక్షన్ కావొచ్చు, తప్పు పాజిటివ్ కావొచ్చు, సన్నగ దాగి ఉన్న వైరస్ కావొచ్చు. వీళ్ళను వేరే వరుసల పెట్టి రిపీట్ చేసి డాక్టరుకు చూపెట్టాలె, "వచ్చి పోయింది" అనే గంపల ఏయొద్దు.

ఒక జాగ్రత్త: మేము వాడిన యాంటీ హెచ్‌బీసీ కిట్టు పోటీ పద్ధతిది, అంటే రంగు తక్కువొస్తే పాజిటివ్, ఎక్కువొస్తే నెగటివ్. మిగిలిన రెండు కిట్లు దీనికి ఉల్టా. ఒకే రోజు మూడు ప్లేట్లు నడిపితే ఎవరైనా తారుమారు చేస్తరు. ప్లేటు మూత మీద పెద్ద అక్షరాలతోని "రంగు లేకుంటే పాజిటివ్" అని రాసి అంటిచ్చినం.

రెండో వారం ప్లేట్లల్ల వింత కనవడ్డది. అంచుల ఉన్న గుంటలల్ల రంగు ఎక్కువ, నడుమ తక్కువ. ఒకే సీరం, పాజిటివ్ నెగటివ్ రెండూ కలిపిన సీరం, అన్ని గుంటలల్ల ఏసి చూసినం, అంచుల వరుస రీడింగ్ నడిమి వరుసకంటె అయిదోవంతు ఎక్కువొచ్చింది. మనిషి రక్తంల తేడా కాదది, ప్లేటుల తేడా. ఫ్రిజ్‌ల నుంచి తీసిన ప్లేటును సల్లసల్లగనే ఇంక్యుబేటర్ల పెడుతున్నం, అంచులు ముందు వేడెక్కుతున్నయి, పైగ కరెంటు పోయి వచ్చినప్పుడల్ల ఇంక్యుబేటర్ డిగ్రీలు ఎగురుతున్నయి. మార్చినవి: కిట్టు బయట అర్ధగంట పెట్టుడు, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుడు బంద్, మూతకు సీలు, ఇంక్యుబేటర్‌కు ఇన్వర్టర్. కడుగుడు అయినంక ప్లేటును టిష్యూ మీద గట్టిగ బోర్లించి కొట్టుడు, ఒక్క చుక్క మిగిలినా బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతది. తేడా తగ్గి కిట్టు ఒప్పుకునే హద్దులల్లకు వచ్చింది. అంతకుముందు నడిపిన ప్లేట్లల్ల కటాఫ్‌కు (పాజిటివ్‌ను నెగటివ్‌ను విడదీసే రీడింగ్) దగ్గర ఉన్నవన్నీ మళ్ళ నడిపినం.

ఇంకోటి, ప్రతి ప్లేటుల కిట్టు ఇచ్చే కంట్రోల్సే కాకుంట మనది ఒకటి పెట్టుకోవాలె. బలహీనమైన పాజిటివ్ సీరం చిన్నచిన్న గొట్టాలల్ల పంచి మైనస్ 20 ల పెట్టి, ప్లేటుకొకటి తీసుడు, ఒకసారి కరిగింది మళ్ళ గడ్డకట్టియ్యొద్దు. దాని రీడింగ్ గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టుకుంటపోతే ఏ ప్లేటు దారి తప్పిందో గోడ మీదనే కనవడుతది. కటాఫ్‌కు పది శాతం అటుఇటు వచ్చిందంటే పాజిటివూ కాదు నెగటివూ కాదు, రెండు గుంటలల్ల రిపీట్.

లెక్క, 34 క్లస్టర్లకు:
ఎంచుకున్న ఇండ్లు 680
రక్తం ఇచ్చినోళ్ళు 589 (మగోళ్ళు 261)
వద్దన్నోళ్ళు 52
దొరకనోళ్ళు 39
పాడైన, చాలని ట్యూబులు 9
మూడు పరీక్షలు పూర్తయినవి 580

576 కావాలె, 580 వచ్చినయి. దొరకనోళ్ళు 38 నుంచి 39 కాడనే ఆగిండ్రేందంటే, వడ్ల కాంటాలు అయిపోయినంక పాత తాళాల ఇండ్లకు మళ్ళొకసారి తిరిగినం, చానా తలుపులు తెరుచుకున్నయి. సర్వే తేదీలు పెట్టుకునేటప్పుడు పంట క్యాలెండర్ ముందు చూసుకోండ్రి.

దశ 5: ఈ సంఖ్యలతోని ఏం చెప్పొచ్చు, ఏం చెప్పొద్దు

రక్షణ ఎంతమందికి ఉన్నదనేది ఈ సైజు సర్వే ఊరు మొత్తానికి సక్కగ చెప్తది. మగ, ఆడ, వయసు లెక్కన జనాభా లెక్కలతోని సరిచూసి బరువులు ఇచ్చినంకనే చెప్పాలె, ఎందుకంటే మగోళ్ళు ఇంకా తక్కువే ఉన్నరు.

ఇన్ఫెక్షన్ సంగతి వేరు. ఉదాహరణకు 580 మందిల 6 మందికి వచ్చిందనుకుందాం, ఒక్క శాతం. దాని హద్దులు కడితే 0.4 నుంచి 2.2 శాతం వరకు యాడైనా ఉండొచ్చు. దాన్ని 48 వార్డులకు పంచి "ఫలానా వార్డుల ఎక్కువ" అనుడు లెక్క తెల్వని మాట. పైగ ఒక బస్తీల ఒక్కరికే వస్తే, సంఖ్య రాసినా పేరు రాసినట్టే, ఇరవై ఇండ్లల్ల ఎవరని ఎతుకుతరు. అందుకే మా శాతాలు ఈ డైరీల పెట్టలేదు, జిల్లా వైద్య శాఖకు ఊరు మొత్తం లెక్కగనే ఇచ్చినం, బస్తీల పేర్లు లేకుంట. దేశం మొత్తం మీద చేసిన పరీక్షలల్ల హెచ్‌బీఎస్‌ఏజీ 0.95 శాతం, హెపటైటిస్ సి యాంటీబాడీ 0.32 శాతం వచ్చినయి, నమూనా సైజు ఆలోచించేటోళ్ళకు ఆ సంఖ్యలు అక్కరకొస్తయి. ఇన్ఫెక్షన్‌నే కొలవాలంటే 680 సరిపోదు, వేలల్ల కావాలె.

దశ 6: రిజల్ట్ కాగితాలు

మొదట రిజల్ట్ కాగితం ఆశ అక్కతోని ఇండ్లకు పంపినం. ఒకింట్ల కోడలి కాగితం అత్త చేతిల పడ్డది. ఆ పిల్లకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టిండ్రు, పసిపిల్లకు పాలియ్యొద్దన్నరు. డాక్టర్ మేడం పోయి కూసోని, కంచంతోని రాదు, ముద్దు పెడితే రాదు, తల్లిపాలు ఇయ్యొచ్చు, పిల్లకు పుట్టిన 24 గంటలల్ల సూది పడ్డదా లేదా, పెంటావాలెంట్ (హెపటైటిస్ బి కూడ కలిసిన ఐదు రోగాల టీకా) మూడు డోసులు అయినయా అన్నదే చూడాలె అని చెప్పి, ఆడనే ఆ కోడలి కంచంల అన్నం పెట్టిచ్చుకొని తిన్నది. అత్త ఇగ మాట్లాడలే. పసిపిల్ల టీకా కార్డు చూస్తే అన్ని డోసులు పడ్డయి.

ఆ దినం నుంచి పద్ధతి:

1. ఇంటికి కాగితం పోదు. ఫోన్ల "రిజల్ట్ వచ్చింది, రాండ్రి" అనే మాట ఒక్కటే.
2. నెగటివ్ వచ్చినోళ్ళు కూడ దవాఖానకే రావాలె. అందరూ వస్తే ఎవరు ఎందుకొచ్చిండ్రో ఎవరికీ తెల్వదు.
3. సీలు ఏసిన కవరు, మీద పేరు లేదు, కోడ్ నంబరే. ఆ మనిషి చేతికే.
4. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, పనికిపోయేటోళ్ళు వచ్చే టైం.
5. పాజిటివ్ వచ్చినోళ్ళకు అదే గదిల అపాయింట్‌మెంట్ తేదీ, తోడు రావడానికి ఆశ అక్క. లివర్ టెస్టులు, వైరస్ ఎంతుందో చూసే డీఎన్ఏ పరీక్ష ఆడ చేస్తరు. అందరికీ మందు అవసరం పడదు, కానీ అందరూ ఆరు నెలలకోసారి చూపెట్టుకోవాలె.
6. వాళ్ళ ఇంట్లోళ్ళకు పరీక్ష, ఏం లేనోళ్ళకు టీకా: ఈ రోజు, నెలకు, ఆరు నెలలకు.

పుట్టంగనే సోకితే పదిమందిల తొమ్మిది మందికి పాతుకపోతది, పెద్దయినంక సోకితే నూటికి అయిదుగురికంటె తక్కువ. అందుకని పాజిటివ్ వచ్చిన ఆడోళ్ళల్ల కడుపుతోని ఉన్నోళ్ళ తేదీలు విడిగ రాసుకొని, కాన్పు అయ్యే దవాఖానకు ముందే చెప్పిపెట్టుకున్నం, పుట్టిన బిడ్డకు టీకా, ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగ ఉన్న యాంటీబాడీల సూది) రెడీగ ఉండాలని.

రిజల్ట్ తీసుకపోనోళ్ళు ఇంకా ఉన్నరు, ఎక్కువ శాతం మళ్ళ ఆ డ్రైవర్లు, హమాలీలే. వాళ్ళకోసం ఆదివారం పొద్దున్న కూడ గది తెరుస్తున్నం. ఇంటోళ్ళ టీకాలల్ల రెండో డోసు నడుస్తున్నది. మూడో డోసు వానాకాలం కోతల టైంకు పడుతది, మగోళ్ళు మళ్ళ కల్లాల కాడ ఉంటరు, అందుకని ఆ డోసును కోతలు మొదలు కాకముందుకు జరపొద్దు, షెడ్యూల్ కంటె ముందు ఏయొద్దు కాబట్టి, కాంటాల కాడికే టీకా క్యారియర్ తీసుకపోవడానికి సెంటర్ల లిస్టు రాసుకుంటున్నం.